తొమ్మిదీ తొమ్మిదీ

పన్నెండూ ముప్పై ఒకటి, ఇంకా కదల్లేదు, ముందు పాల వ్యాను, దాని ముందు ఎర్ర కారు, దాని ముందు ఏవో ఇంకో పది బళ్ళు, అన్నిటికంటే ముందు ఆ గాలిమర రెక్క, ఒక్క రెక్కే, తెల్లగా నున్నగా వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా, గుండ్రటి కూడలిలో మలుపు తిరగబోయి తిరగలేక, మొదలు బ్యాంకు మెట్ల మీదికి, చివర మందుల షాపు బోర్డు మీదికి ఆనించుకుని హాయిగా పడుకుంది. దాన్ని మోసుకొచ్చిన లారీకి ఎన్ని చక్రాలున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టి ఇరవై ఎనిమిది దగ్గర ఆపేశాను, నేను లెక్కపెట్టాల్సింది చక్రాలు కాదు. నా సీటు వెనక, నేలకు బోల్టులు బిగించిన ఇనప్పెట్టెలో సీసపు కుండ ఉంది, ఆ కుండలో బొటనవేలంత గాజు సీసా, ఆ సీసాలో చూడ్డానికి మంచినీళ్ళలా ఉండే మందు, రెండు చెంచాలు కూడా ఉండదు. అది నూట పది నిమిషాలకు సగమైపోతుంది. ఒలకదు, ఆవిరి కాదు, మూత తీసి ఎవరూ తాగరు, నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి, లోపలి సత్తువ మాత్రం సగానికొస్తుంది, మళ్ళీ నూట పది నిమిషాలకు ఆ సగంలో సగం. ఊరవతల గిరగిరా తిప్పే యంత్రంలో దీన్ని పుట్టిస్తారు, ఊరి మధ్య ఆసుపత్రి నేలమాళిగలో దీన్ని మనుషులకు సూదితో ఎక్కించి, ఒంట్లో పాడు గడ్డ ఎక్కడెక్కడికి పాకిందో ఫొటో తీస్తారు, మధ్యలో నలభై నిమిషాల దారికి నేను. పన్నెండేళ్ళుగా మోస్తున్నాను. ఇవాళ మధ్యాహ్నం విడతలో నలుగురున్నారు, నాలుగో మనిషి మా పిన్ని.

ఫోను మోగీ మోగకముందే ఎత్తింది నిమిషాలమ్మ. ఆసుపత్రిలో మందు కొలిచి ఎక్కించే టెక్నీషియన్ ఆవిడ, అసలు పేరుతో పిలిచేవాళ్ళు అక్కడెవరూ లేరు, టీ తాగడానికి వెళ్తున్నా ఏడు నిమిషాలు అని చెప్పి వెళ్తుంది.

"ఎక్కడ?"

"కూడలి దగ్గర. గాలిమర రెక్క అడ్డం పడింది."

"ఏం పడిందీ?"

"రెక్కమ్మా, గాలిమర రెక్క. లారీ ఇరుక్కుపోయింది."

"ఎంతసేపు?"

"తెలీదు."

"తెలీదంటే ఎన్ని నిమిషాలు?"

ఇంకో రోజైతే నవ్వొచ్చేది. ఒంటిగంటా పదిహేనుకల్లా వస్తే నలుగురికీ సరిపోతుంది, దాటితే ముగ్గురికే, అని తేల్చేసింది. మందు మనిషి బరువును బట్టి, మీ పిన్నిగారి ఫారంలో నలభై ఎనిమిది కిలోలని రాసుంది, ఆ లెక్కకు తగ్గితే ఫొటో మసకగా వస్తుంది, డాక్టరుకి కనపడాల్సింది ఆ మసకలోనే దాక్కుంటుంది, అలాంటి ఫొటో తీసే కంటే తీయకపోవడం నయం. ఇంకో రోజు తీయొచ్చు కదా అందామంటే రేపటి నుంచి ఆ గిరగిరా తిప్పే యంత్రానికి మరమ్మతు, మూడు వారాలు మూత. ఎల్లుండి సర్జన్లు కూర్చుని పిన్నికి ఆపరేషన్ చెయ్యొచ్చో లేదో తేలుస్తారు, ఫొటో లేకుండా కత్తి పట్టుకోరు, మూడు వారాలాగితే ఆ తర్వాత తేల్చడానికి ఏమీ మిగలకపోవచ్చని పెద్ద డాక్టరు మొహాన్నే చెప్పాడు. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చేసింది, ఆవిణ్ణి వరసలో ముందుకు జరపకూడదా అని. జరపొచ్చు, అంది నిమిషాలమ్మ, మూడోవాడిగా ఉన్న బస్సు డ్రైవరు అప్పుడు నాలుగో మనిషి అవుతాడు, పొద్దున్నుంచి ఏమీ తినకుండా కూర్చున్నాడు, ఇద్దరు పిల్లలు, ఆపేస్తున్నామని నువ్వొచ్చి చెప్తావా? నేను ఫోను పెట్టేశాను. పిన్నిని అడిగినా ముందుకు జరగనంటుంది, జరగడం కాదు, వెనక్కి వెళ్ళి ఐదో కుర్చీలో కూర్చుంటుంది.

పన్నెండూ ముప్పై ఎనిమిది. లెక్క తేలికలా కనపడుతుంది గానీ కాదు. నూట పది నిమిషాలకు సగం పోతుందంటే అందులో సగం, యాభై అయిదు నిమిషాలకు పావు పోతుందనుకున్నాను కొత్తలో. పావు కాదు, నూటికి ఇరవై తొమ్మిది పోతుంది, ఎక్కువ ఉన్నప్పుడు ఎక్కువ పోతుంది, తగ్గేకొద్దీ పోయేదీ తగ్గుతుంది అని చెప్పింది కెమిస్టు మేడం. మందు తయారీలో మేడం, పంపకంలో నేను, సరుకు బయటికి రావాలంటే దాని నాణ్యత పరీక్ష అవ్వాలి, ఆ పరీక్ష అయ్యే పదిహేను నిమిషాలూ నేను కాగితాల మీద సంతకాలు చేస్తూ కిటికీ అవతల మేడం మొహం చూస్తూ నిలబడాలి. ఊరికే నిలబడ్డం నా వల్ల కాదు. మొదటి వారంలోనే, దీన్ని ఐసుపెట్టెలో పెట్టి తీసుకెళ్తే చెడిపోకుండా ఉంటుంది కదా మేడం అనడిగాను. ఆవిడ నవ్విన నవ్వుకి లోపలి ఇద్దరు అసిస్టెంట్లు తొంగి చూశారు. ఐసులో పెట్టు, పొయ్యి మీద పెట్టు, సుత్తితో కొట్టు, దానికి చెవులుండవు, అది పోవాల్సినంతా పోతూనే ఉంటుంది అంది. ఎందుకు పోతుందీ అన్నాను. అది రేపటి ప్రశ్న, రోజుకొక్కటే, అంది. అలా మొదలైంది, పన్నెండేళ్ళకు ఎన్ని ప్రశ్నలు, పండగలూ సెలవులూ తీసేసినా మూడు వేలు దాటుంటాయి. నేను పదో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి. కానీ పోతున్నదాన్ని పన్నెండేళ్ళు వీపు వెనక పెట్టుకుని తిరుగుతూ, ఎందుకు పోతుందో అడక్కుండా ఎలా ఉంటారు మనుషులు, మిగతా డ్రైవర్లు ఉంటున్నారు, వాళ్ళ నిద్ర వాళ్ళకి బాగానే పడుతోంది.

బరువెక్కువై విరిగిపోతోందన్నమాట, అన్నాను రెండో రోజు, నాకే తెలిసిపోయినట్టు. బరువెక్కువైతే ఇరుసులు విరుగుతాయి, డ్రైవరు బుర్రకు అంతకన్నా ఏం తడుతుంది. కాదు, ఇదీ ఫ్లోరినే, కానీ పొద్దున నువ్వు పళ్ళు తోముకున్న పేస్టులో ఉన్న ఫ్లోరిన్ దీనికంటే బరువు, అది ప్రపంచం పుట్టినప్పటి నుంచీ చెక్కుచెదరకుండా ఉంది, ఇదే తేలిక, ఇదే నిలవదు, అంది మేడం. ఒకే ఫ్లోరిన్ అయితే మరి రెండు రకాలేంటి, వాటినే ఐసోటోపులంటారు, ఇంటిపేరొకటే, మనుషుల లెక్క వేరు. పరమాణువు నడిగుండెలో ప్రోటాన్లని తొమ్మిదుంటాయి రెండింట్లోనూ, ఆ తొమ్మిదే ఫ్లోరిన్ అనే పేరు తెచ్చిపెట్టేది, పక్కనే న్యూట్రాన్లని ఇంకో రకం, అవి పేస్టులోదాన్లో పది, నా కుండలోదాన్లో తొమ్మిది. తొమ్మిదీ తొమ్మిదీ అంటే సమానమే కదా మేడం, గొడవ దేనికి, అన్నాను, నాకు నిజంగానే అన్యాయం అనిపించింది, ఇద్దరికీ సమానంగా పంచాక కూడా ఇల్లు నిలవకపోతే ఇంకెలా నిలుస్తుంది. అది రేపటి ప్రశ్న.

పోలీసు వచ్చి అద్దం మీద తట్టాడు. వ్యాను పక్కన అతికించిన పసుపు బొమ్మ వాడి కంట్లో పడింది, మూడు నల్ల రెక్కల రేడియేషన్ గుర్తు, దాన్ని చూడగానే మోటారుసైకిలు వాళ్ళు రెండడుగులు వెనక్కి తోసుకుంటారు, నాకు మాత్రం దాని వల్ల ఎప్పుడూ పార్కింగు దొరుకుతుంది.

"ఏముంది ఇందులో?"

"ఆసుపత్రి మందు. లేటైతే పనికిరాదు."

"పేలుతుందా?"

"పేలదు సార్. దానంతటదే తగ్గిపోతుంది."

"తగ్గిపోయేదాన్ని ఎందుకు మోస్తున్నావయ్యా?"

మంచి ప్రశ్న, మేడంని అడగాల్సింది. వెనక్కి తిప్పిస్తే వేరే దారిలో వెళ్తానన్నాను, వెనక ఒక కిలోమీటరు దాకా బళ్ళే అన్నాడు, ఆసుపత్రి ఇక్కడికి రెండు కిలోమీటర్లు, నడిచి వెళ్తానంటే బండిని సరుకుతో వదిలి పది అడుగులు కూడా వెయ్యకూడదు నేను, కుండ ఎత్తుకుని పరిగెడదామంటే ఇరవై ఆరు కిలోలు, దాన్ని బోల్టుల నుంచి విప్పే తాళంచెవి ఆసుపత్రిలోనే ఉంటుంది. ఇలాంటి రోజు వస్తుందని ముందే ఊహించినవాడెవడో ఆ రూలు రాశాడు, వాణ్ణి తిట్టుకోవడానికి కూడా మనసొప్పలేదు. పోలీసు ఆ రెక్క వైపు చూసి, రెండు క్రేన్లొస్తున్నాయి అని, కాస్త జాలిగానే చెప్పి వెళ్ళాడు.

పన్నెండూ యాభై రెండు. ఇప్పటికి నూటికి ఎంత పోయుంటుంది, బయల్దేరినప్పుడు పన్నెండూ పది, నలభై రెండు నిమిషాలు, ఇరవై మూడో ఎంతో. ప్రోటాన్లకు ఒకదాన్నొకటి చూస్తే పడదు, అంది మేడం మూడో రోజు, తోసేసుకుంటాయి, ఎంత దగ్గరికి తెస్తే అంత గట్టిగా తోసుకుంటాయి, అలాంటివి తొమ్మిదింటిని ఇంత ఇరుకు గదిలో కుక్కితే ఏమవ్వాలి, ఎటువి అటు పారిపోవాలి. పారిపోకుండా ఒక పట్టు ఉంది. ఆ పట్టు చాలా గట్టిది, కానీ చేయి పొట్టి, పక్కనున్న దాన్నే పట్టుకోగలదు, తోపు మాత్రం గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు కూడా తగుల్తుంది. న్యూట్రాన్‌కి తోపు లేదు, ఎవరినీ నెట్టదు, ఎవరితోనూ జట్టు కట్టదు, పట్టు మాత్రం ఇస్తుంది. అందుకని గొడవపడేవాళ్ళ మధ్యలో అలాంటివి తగినన్ని ఉంటే గది నిలుస్తుంది, తగ్గితే నిలవదు, మరీ ఎక్కువైనా నిలవదు, ఎంతుండాలో ఒక్కో ఇంటికీ ఒక్కో లెక్క. చిన్నవాటికి సమానంగా ఉంటే చాలు, పెద్దయ్యేకొద్దీ తోపు పెరిగిపోయి, ప్రోటాన్ల కంటే న్యూట్రాన్లు చాలా ఎక్కువ కావాలి, సీసం దాటాక ఎన్ని తెచ్చి పోసినా పూర్తిగా నిలవదు. నాకు వెంటనే పిన్ని గుర్తొచ్చింది. అప్పటికి ఆవిడ మా ఇంట్లోనే ఉంది, పైన నేనూ కింద తమ్ముడూ, మధ్యలో మెట్ల పక్క గదిలో ఆవిడా, గుర్తొచ్చినందుకు నవ్వుకుని ఊరుకున్నాను, ఇంటికెళ్ళి చెప్పనైనా చెప్పలేదు.

అమ్మ పోయినప్పుడు పది రోజులు సాయంగా ఉంటానని వచ్చింది పిన్ని, నాకు పదకొండు, తమ్ముడికి తొమ్మిది, ఆ పది రోజులు ముప్పై నాలుగేళ్ళయ్యాయి. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని మేమెప్పుడూ అడగలేదు, పన్నెండేళ్ళుగా రోజుకో ప్రశ్న అడుగుతున్న నేను ఆ ఒక్కటీ ఎందుకడగలేదో. నేనూ తమ్ముడూ దేనికైనా కొట్టుకునేవాళ్ళం, దువ్వెన కోసం, కిటికీ వైపు మంచం కోసం, పెద్దయ్యాక నీళ్ళ మోటారు ఎవరు ఎంతసేపు వేశారని, వాడు గాజు కోసే పని పెట్టుకున్నాక వాకిట్లో వాడి గాజు పలకలుండాలా నా బండుండాలా అని. పిన్ని తీర్పు చెప్పేది కాదు. తప్పెవరిదో చెప్పు అని ఇద్దరం మీద పడితే, ఉండండ్రా అని తడిసిన దుప్పటి తెచ్చి, ఆ కొస నువ్వు పట్టు, ఈ కొస నువ్వు పట్టు, పిండండి అనేది. చెరో వైపు మెలిపెట్టాలి, ఒకడు వదిలితే రెండోవాడు వెనక్కి పడతాడు, కోపం ఎంతుంటే అంత బాగా నీళ్ళు కారేవి, పిండడం అయ్యేసరికి చేతులు నొప్పి పుట్టి తిట్టుకోవడానికి ఊపిరుండేది కాదు. నలభై ఏళ్ళొచ్చాక కూడా పిండించింది, మా పెళ్ళాలు గుమ్మంలో నిలబడి నోటికి చెంగులడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. మా ఇంట్లో ఉతికిన దుప్పట్లు అంత తొందరగా ఎందుకు ఆరేవో ఇరుగుపొరుగుకు తెలీదు.

ఒంటిగంట. క్రేను ఒకటొచ్చింది, రెండోది ఎక్కడుందో ఎవరికీ తెలీదు, పసుపు టోపీ ఆయన ఒకడు రెక్క పొడుగునా నడుస్తూ దాన్ని అరచేత్తో నిమురుతున్నాడు, గుర్రాన్ని బుజ్జగించినట్టు. ఇంజను ఆపేశాను. పిన్ని ఇల్లు వదిలే ముందు ఆ సాయంత్రం గొడవ కూడా గాజు పలకల మీదే మొదలైంది, నా బండి అద్దం వాడి పలకకు తగిలి మూల పగిలింది, వాడు నా తాతముత్తాతల దాకా వెళ్ళాడు, వాడి తాతలూ వాళ్ళేనన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. పిన్ని దుప్పటి తెచ్చింది. నేను దుప్పటి లాక్కుని కిందపడేసి, ఎప్పుడైనా ఒక్క మాట తేల్చి చెప్పావా నువ్వు, ఎటూ ఉండవు, ఈ ఇంట్లో నువ్వున్నా ఒకటే, లేకపోయినా ఒకటే అన్నాను. తమ్ముడు కూడా కాదని అనలేదు. పిన్ని దుప్పటి తీసి దులిపి, ఒక్కతే రెండు కొసలూ కలిపి మడత పెట్టుకుంటూ, "అంతే కదా," అంది, కోపంగా కాదు, ఎవరో టైమెంతో చెప్తే అన్నట్టు. నాలుగు రోజుల తర్వాత స్నేహితురాలి కుట్టుషాపు మీది గదికి మారిపోయింది, చొక్కాలకు కాజాలు కుడుతోంది, కళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి నాకు కాలక్షేపం అంది. నేను ఆపలేదు. ఆపితే ఆ మాట నేను అన్నట్టు ఒప్పుకోవాలి. ఆవిడ వెళ్ళిన వారానికి నీళ్ళ మోటారు దగ్గర గొడవై నాకూ తమ్ముడికీ మాటలు పోయాయి, ఇప్పటికి పది నెలలు, వాకిలి మధ్య గోడ కడతానని వాడు ఇటుకలు దింపించాడు, నేను నా తలుపుకి తాళం మార్చేశాను, ఒకటి పోగానే అన్నీ ఇలా ఊడిపోతాయని నేను అనుకోలేదు. అనుకోవాల్సింది, మూడో రోజే చెప్పింది కదా మేడం.

ఎందుకు సమానమైనా నిలవదు అన్నదానికి జవాబు ఇంకా విచిత్రం. అవి జతలు కడతాయట, ప్రోటాను ప్రోటానుతో, న్యూట్రాను న్యూట్రానుతో, జత కుదిరితే కుదురుగా ఉంటాయి. తొమ్మిదిలో నాలుగు జతలు పోగా ఒకటి ఒంటరిగా మిగుల్తుంది, అటు తొమ్మిదిలోనూ ఒకటి ఒంటరి. రెండు వైపులా ఒంటరివి మిగిలిన ఇళ్ళు సాధారణంగా నిలవవు, లోకం మొత్తం మీద ఏ నాలుగైదో తప్ప. పది న్యూట్రాన్లుంటే అన్నీ జతలే, ఒక్క ప్రోటానే ఒంటరి, నిలుస్తుంది. తగరంలో పది రకాలు నిలుస్తాయి మేడం, ఫ్లోరిన్‌కి ఒక్కటేనా, ఇదెక్కడి న్యాయం అన్నాను ఓ రోజు, ఎక్కడో చదువుకొచ్చి. తగరానికి యాభై ప్రోటాన్లు, లోపల వరసలుంటాయి, సినిమాహాల్లో కుర్చీల వరసల్లాగా, యాభై దగ్గర ఒక వరస పూర్తిగా నిండుతుంది, నిండిన వరసలో ఎవరూ కదలరు, అంది. ఆ వరసలు ఎవరు వేశారూ అంటే పెన్ను మూత కొరుక్కుంటూ చాలాసేపు ఆలోచించి, అది నా ప్రశ్న కూడా, అంది. ఆ జవాబు నాకు అన్నిట్లోకీ నచ్చింది.

ఒంటిగంటా తొమ్మిది. పదిహేను దాటుతుంది, దాటక మానదు, రెండో క్రేను ఇప్పుడే ఫుట్‌పాత్ ఎక్కింది. వెనక ఆ సీసాలో ఈ క్షణాన ఏది పోతోంది, దేని వంతు వచ్చింది? అది ఎవరికీ తెలీదట, దానికీ తెలీదట. రెండు గంటల నుంచి బతికున్న పరమాణువు ముసలిది కాదు, ఇప్పుడే పుట్టినదానికి ఎంత అవకాశముందో దానికీ అంతే, దానికి వయసు లేదు. కోట్లకు కోట్లు కలిపి చూస్తే మాత్రం నూట పది నిమిషాలకు సరిగ్గా సగం, గడియారం తప్పొచ్చు, ఆ సగం తప్పదు. ఇది విన్న రోజు నేను రెండు ఎర్ర లైట్లు దాటేశాను. మరి మనిషి? పిన్నికి మింగుడు పడట్లేదని కుట్టుషాపామె ఫోన్ చేసేదాకా నాకు తెలీదు, ఆ గడ్డ ఎప్పుడు మొదలైందో డాక్టరుకీ తెలీదు. నేను ఆ మాట అన్న రోజు మొదలైందా అని పిచ్చిగా అడిగాను మా ఆవిణ్ణి, మాటలకు గడ్డలు రావు పడుకో అంది. రెండుసార్లు వెళ్ళాను చూడ్డానికి, రెండుసార్లూ గుమ్మంలోనే నిలబడ్డాను, ఆవిడ శాలువా కప్పుకుని మిషను వెనక కూర్చుని ఉంది, బండి రోడ్డు మీద పెట్టానని చెప్పి వచ్చేశాను. ఆసుపత్రి ఫారం నింపేటప్పుడు బరువెంత అని ఉంటే మా ఆవిణ్ణి అడిగాను, ఆవిడ కిందికెళ్ళి మరదల్ని అడిగింది, మరదలు తమ్ముణ్ణి అడిగింది, నలభై ఎనిమిది అని అదే మెట్ల మీంచి వెనక్కొచ్చింది. నేనూ అదే అనుకున్నాను. ఆ ఒక్క విషయంలో అన్నదమ్ములకు పది నెలల్లో మొదటిసారి మాట కలిసింది.

నిలవనిది చివరికి ఏమవుతుంది మేడం, పోవడమంటే ఎక్కడికి పోతుంది అని ఈమధ్యే అడిగాను, ఇన్నేళ్ళు అది ఎందుకు తట్టలేదో. ఎక్కడికీ పోదు, అంది. లోపలున్న ప్రోటాన్లలో ఒకటి న్యూట్రాన్ అయిపోతుంది. తోసేవాళ్ళలోంచి ఒకటి తన తోపుని బయటికి విసిరేసి, పట్టుకునేదానిలా మారిపోతుంది. బయటికి విసిరిన ఆ తునకే వెళ్ళి ఒంట్లో ఫొటోగా వెలిగేది. తొమ్మిదీ తొమ్మిదీ పోయి ఎనిమిదీ పదీ అవుతాయి, అన్నీ జతలే, అదిక ఫ్లోరిన్ కాదు, ఆక్సిజన్, ఎప్పటికీ కదలదు. తమాషా ఏంటో తెలుసా, మేము దీన్ని తయారుచేసింది కూడా అదే ఆక్సిజన్‌లోంచి, యంత్రంలో ఒక ప్రోటాన్ని బలవంతంగా దూర్చి, ఒక న్యూట్రాన్ని బయటికి తరిమి, అంది. బయటికి తరిమారా అన్నాను. తరిమితేనే కదా ఇది పుట్టేది అంది. ఆ రోజు సంతకాలు తప్పు గళ్ళలో పెట్టాను. బయట నుంచి కొత్తది తెచ్చి పెట్టేవాళ్ళు ఎవరూ లేకపోతే, లోపలున్నవాటిలోనే ఒకటి ఊరుకోవాలి, ఒకటి తన పొగరు వదులుకోవాలి, మరి మా ఇద్దర్లో ఎవరు? ఏది మారుతుందో ఎలా తేల్చుకుంటుంది మేడం అన్నాను. ఏదైనా కావచ్చు, అంది. ఇవాళ పొద్దున కిటికీ దగ్గర నాకు ప్రశ్న లేదు, నాలుగో మనిషికి మిగులుతుందా అని మాత్రం అడిగాను, మేడం పెన్ను మూత నోట్లోంచి తీసి, ఇది ప్రశ్న కాదు నాయనా, భయం అంది.

ఒంటిగంటా ఇరవై మూడుకి రెక్క లేచింది. రెండు క్రేన్లూ దాన్ని ఇంతెత్తున ఎత్తి, మెల్లగా తిప్పి, మళ్ళీ లారీ మీద పడుకోబెట్టాయి, చుట్టూ జనం చప్పట్లు కొట్టారు, నేను హారను కొట్టాను. ఒంటిగంటా నలభై ఒకటికి నేలమాళిగ. నిమిషాలమ్మ మాట్లాడకుండా తాళంచెవి తిప్పింది, కుండ లోపలికెళ్ళింది, సీసపు అద్దం వెనక కొలత యంత్రం మీద ఎర్ర అంకెలు వెలిగాయి. నడవాలో వరసగా కుర్చీలు. మొదటి మనిషి వెళ్ళింది. రెండో మనిషి. బస్సు డ్రైవరు లేచి, ఎందుకో నాకు దండం పెట్టి, లోపలికెళ్ళాడు, దండం పెట్టినవాడి వరసే లాగేద్దామనుకున్నందుకు సిగ్గుతో తల దించుకున్నాను. చివరి కుర్చీలో పిన్ని, పక్కన కుట్టుషాపామె, పిన్ని గడ్డం దాకా శాలువా కప్పుకుని ఉంది. "లేటైందట కదరా," అంది, "దారిలో ఏదో చాలా పెద్దది పడిందట, చూడ్డానికి బాగుందా?" బాగుంది పిన్నీ అన్నాను, తెల్లగా ఉంది.

నిమిషాలమ్మ తలుపు తీసి నన్ను పక్కకు పిలిచింది. మిగిలింది నలభై ఎనిమిదికి చాలదు, ముప్పై తొమ్మిది దాకా అయితే చాలు, అంది మెల్లగా. ఆవిడ నా భుజం మీదుగా పిన్నిని చూసింది, మళ్ళీ ఫారం చూసింది, మళ్ళీ పిన్నిని చూసింది.

"ఈ నలభై ఎనిమిది ఎవరు రాశారు?"

"నేనే."

"ఎప్పుడు తూచావు?"

ఆవిడే వెళ్ళి, అమ్మా ఒకసారి ఈ మిషనెక్కండి అంది. పిన్ని చెప్పులు విప్పి, శాలువా తీసి నా చేతికిచ్చింది. శాలువా కింద పిన్ని లేదు, పిన్ని ఎముకలున్నాయి, జాకెట్టు చేతుల్లోంచి జారిపోతున్న చేతులున్నాయి. మిషను మీద అంకెలు కొంచెం ఊగి నిలబడ్డాయి, ముప్పై ఏడు.

"సరిపోతుంది!" అంది నిమిషాలమ్మ, ఆవిడ నిజంగానే సంతోషపడింది, నా వీపు మీద చరిచింది కూడా. "సరిపోతుందయ్యా, మీ పిన్నిగారి అదృష్టం."

"సరిపోయిందా, మంచిది," అంది పిన్ని, మిషను దిగి చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటూ. నేను వంగి చెప్పులు ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టి, అలాగే వంగి, పిన్నీ ఆ రోజు నేనన్న మాట, అని మొదలుపెట్టేలోపే నిమిషాలమ్మ ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. ఇప్పుడు మాటలొద్దు, గంటసేపు ఆవిడ కదలకూడదు, మాట్లాడకూడదు, గొంతు కదిలితే ఫొటోలో గొంతు వెలుగుతుంది, అంది. పిన్ని తలుపు దగ్గర ఆగి వెనక్కి చూసి, మాట్లాడకూడదట అన్నట్టు పెదాల మీద వేలు పెట్టుకుని, లోపలికెళ్ళింది.

శాలువా నా చేతిలోనే ఉంది. ఫోను తీశాను. నాలుగుసార్లు మోగాక ఎత్తాడు, వెనక గాజు కోస్తున్న చప్పుడు.

"ఏంటి?" అన్నాడు తమ్ముడు.

"పిన్ని ముప్పై ఏడు కిలోలుంది."

"కాదు, నలభై ఎనిమిది. నేనేగా చెప్పాను."

"అది మనింట్లో ఉన్నప్పుడురా."

గాజు కోసే చప్పుడు ఆగింది. పెట్టేశాడేమో అనుకున్నాను.

"ఏ గేటులోంచి రావాలన్నయ్యా?" అన్నాడు.